అతివృష్టి, అనావృష్టి: ట్రేడింగ్ కార్డు ఆటల్లో వనరుల తగాదా

1993 ఆగస్టులో అమెరికాలోని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ‘మేజిక్: ది గేదరింగ్’ అనే ఆటను విడుదల చేసినప్పుడు, దాన్ని రూపొందించిన గణితవేత్త రిచర్డ్ గార్ఫీల్డ్ మామూలు పేకాటలో లేని రెండు సంగతులను ఒకేసారి ప్రవేశపెట్టాడు. మొదటిది, ఆటగాళ్లందరికీ ఉమ్మడి పేకకట్ట ఉండదు. కొన్నవీ ఇచ్చిపుచ్చుకున్నవీ ఏరుకుని ఎవరి కట్టను వారే కూర్చుకుని తెచ్చుకుంటారు, దాన్నే డెక్ అంటారు. రెండవది, చేతిలోని ముక్కను దించాలంటే వంతు వస్తే చాలదు, దాని ఖరీదు కట్టాలి. ఆ ఖరీదు కట్టడానికి కావలసిన శక్తి కూడా అదే డెక్‌లో కలిసిపోయి ఉన్న వేరే రకం కార్డుల నుంచే రావాలి. అలా తాము యుద్ధం చేయకుండా, యుద్ధం చేసే కార్డులకు తిండి పెట్టే కార్డులే వనరు కార్డులు.

మొదటి సంగతి మీద తగాదా లేదు, దాని మీదే ఒక పరిశ్రమ నిలబడింది. రెండవ దాని మీద మాత్రం మూడు దశాబ్దాలు దాటినా వాదం తెగలేదు. ఈ వాదాన్ని ‘అదృష్టమా, నైపుణ్యమా’ అనే ప్రశ్నగా కుదించి చెప్పడం అలవాటైపోయింది కానీ, చిక్కు బిగుసుకున్నది ఆ కుదింపులోనే. వనరు కార్డు ఒక్క పని కాదు, మూడు పనులు చేస్తుంది. విమర్శకులు ఒక పనిని చూసి నిందిస్తుంటే సమర్థకులు మరొక పనిని చూపించి మెచ్చుకుంటున్నారు. తరువాత వచ్చిన ఆటలు ఏ పనిని ఉంచుకున్నాయో, దేన్ని వదులుకున్నాయో చూస్తేనే ఎవరి మాటలో ఎంత పస ఉందో తేలుతుంది.

ల్యాండ్ చేసే మూడు పనులు

మేజిక్‌లో వనరు కార్డును ల్యాండ్ అంటారు. మైదానం, ద్వీపం, చిత్తడి నేల, పర్వతం, అడవి అని ఐదు మూల రకాలున్నాయి. వాటి నుంచి వరసగా తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మానా పుడుతుంది. మానా అంటే మంత్రశక్తి. పసిఫిక్ ద్వీపవాసుల భాషల నుంచి వచ్చిన మాట. ఆటగాడు తన వంతులో చేతి నుంచి ఒక్క ల్యాండ్‌ను మాత్రమే బల్ల మీద పెట్టగలడు. దాన్ని అడ్డంగా తిప్పితే, అంటే ట్యాప్ చేస్తే, ఆ వంతుకు ఒక మానా వస్తుంది, మళ్లీ తన వంతు వచ్చినప్పుడు దాన్ని నిలువుగా సరిచేసుకుంటాడు. లైట్నింగ్ బోల్ట్ అనే పిడుగు కార్డుకు ఒక ఎర్ర మానా చాలు కాబట్టి అది మొదటి వంతులోనే పడగలదు; షివన్ డ్రాగన్‌కు ఆరు కావాలి, అందులో రెండు తప్పనిసరిగా ఎర్రవి కావాలి కాబట్టి ఆరు ల్యాండ్లు పేరేదాకా అది చేతిలో బరువే.

ఈ చిన్న ఏర్పాటులో మూడు పనులు ఇమిడి ఉన్నాయి. ఒకటి కాలం: వంతుకు ఒక్క ల్యాండే అన్న నియమం వల్ల ఆట చిన్న కార్డులతో మొదలై పెద్ద కార్డుల దాకా మెట్లెక్కుతుంది, డ్రాగన్ మొదటి నిమిషంలో ఊడిపడదు. రెండవది గుణం: ఏ రంగు ల్యాండ్లు పెట్టుకుంటే ఆ రంగు మంత్రాలే సాగుతాయి కాబట్టి, ఐదు రంగుల్లోని మంచి కార్డులన్నీ ఒకే డెక్‌లో దూర్చేవాడికి రంగులు కుదరకపోవడమే శిక్ష. మూడవది అనిశ్చితి: ల్యాండ్లు కూడా మిగతా ముక్కలతో కలిసి ఉన్నాయి కాబట్టి అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. తగాదా అంతా మూడవ పని మీదే అయినా, దాన్ని తీసేయబోయిన వారికి మొదటి రెండూ చెయ్యి జారిపోవడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

అరవై ముక్కల లెక్క

ఆటగాళ్ల వాడుకలో ల్యాండ్లు రాకపోవడం మానా స్క్రూ, ల్యాండ్లే వచ్చిపడటం మానా ఫ్లడ్. తెలుగులో వీటికి అనావృష్టి, అతివృష్టి అన్న జంట మాటలు అచ్చంగా సరిపోతాయి, ఎందుకంటే రెండింటిలోనూ పంట పోయేది ఒకేలా.

అరవై కార్డుల డెక్‌లో ఇరవై నాలుగు ల్యాండ్లు పెట్టడం చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. అలాంటి డెక్‌ను బాగా కలిపి ఏడు కార్డులు తీస్తే అందులో రెండు నుంచి నాలుగు ల్యాండ్లు, అంటే ఆట సాఫీగా మొదలయ్యేంత, వచ్చే అవకాశం సుమారు 77 శాతం. ఒక్కటీ రాకపోవడమో, ఒక్కటే రావడమో 14 శాతానికి కాస్త పైన. ఐదూ అంతకు మించీ రావడం 8 శాతానికి కాస్త పైన. ఒక పర్వతం, ఇద్దరు డ్రాగన్లు, నాలుగు మధ్యరకం మంత్రాలు ఉన్న చెయ్యి చూడటానికి నిండుగానే ఉంటుంది కానీ, తరువాత తీసిన రెండు మూడు కార్డుల్లో ల్యాండ్ తగలకపోతే ఆ ఆటగాడు కార్డులు చేతపట్టుకుని ఎదుటివాడి ఆట చూస్తూ కూర్చోవలసిందే. ఆటగాళ్లకు కడుపు మండేది ఓటమికి కాదు, ఆడకుండానే ఓడిపోయినందుకు.

అయితే ఈ లెక్కనే సమర్థకులు ఇంకోలా చదువుతారు. ఇరవై నాలుగు అన్న అంకె శాసనం కాదు. తేలిక కార్డులు ఎక్కువ పెట్టుకున్నవాడు దాన్ని తగ్గించుకోవచ్చు, బరువైన కార్డులు కోరేవాడు పెంచుకోవచ్చు, లానోవార్ ఎల్వ్స్ లాంటి మానా ఇచ్చే ప్రాణులతో లోటు పూడ్చుకోవచ్చు. కరవు ఎంత తరచుగా రావాలో కొంతవరకు డెక్ కూర్చినవాడే నిర్ణయించుకుంటున్నాడన్నమాట.

ఉండాలనేవారి వాదం

ల్యాండ్ పద్ధతిని సమర్థించేవారిలో ముందు వరసలో ఉన్నవాడు మేజిక్ ప్రధాన రూపకర్త మార్క్ రోజ్‌వాటర్. కార్డులను ఇచ్చిపుచ్చుకోవడం, ఐదు రంగుల తత్వం, మానా పద్ధతి అనే మూడింటినీ గార్ఫీల్డ్ ఇచ్చిన మూల కానుకలుగా ఆయన లెక్కగడతాడు. ఈ పక్షం చెప్పే ముఖ్య కారణం మానవ స్వభావానికి సంబంధించినది: గట్టి ఆటగాడే ప్రతిసారీ గెలిస్తే కొత్తవాడు రెండు రోజుల్లో మానేస్తాడు, అప్పుడప్పుడూ గెలుపు రుచి చూసినవాడే నిలబడి నేర్చుకుంటాడు. ఓడినవాడికి ల్యాండ్లు రాలేదని చెప్పుకునే వీలుండటం కూడా ఆట ఆయుష్షును పెంచేదే.

ఈ వాదానికి కొంత లోతైన రూపం గార్ఫీల్డ్ మరో ఇద్దరితో కలిసి 2012లో ప్రచురించిన ‘క్యారెక్టరిస్టిక్స్ ఆఫ్ గేమ్స్’ పుస్తకంలో ఉంది. అదృష్టం, నైపుణ్యం ఒకే తక్కెడకు రెండు పళ్లేలు కావనీ, ఒకటి పెరిగినంత మాత్రాన రెండవది తగ్గనక్కర లేదనీ, రెండూ దండిగా ఉన్న ఆటలున్నట్టే రెండూ లేని ఆటలూ ఉన్నాయనీ ఆ పుస్తకం చెబుతుంది. ఈ మాట వాస్తవమే, కానీ ల్యాండ్‌ను కాపాడటానికి ఇదొక్కటే చాలదు, ఎందుకంటే అదృష్టం పాలు ఉండాలని ఒప్పుకున్నంత మాత్రాన అది ల్యాండ్ల రూపంలోనే ఉండాలని రుజువు కాదు. ఆ సంగతి గార్ఫీల్డ్ తరువాతి ఆటలే చూపిస్తాయి. 1994లో ఆయన చేసిన జైహాద్‌లో, అంటే మరుసటి ఏడాది వాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్‌గా పేరు మారిన ఆటలో, ప్రతివాడికీ ముప్పై పాయింట్ల నిధి ఉంటుంది, పిశాచాలను దించడానికి ఖర్చుపెట్టేది అదే, సున్నాకు చేరితే ఆట నుంచి తప్పుకోవలసిందీ దానివల్లే, కనుక ఖర్చూ ప్రాణమూ ఒకే ఖాతా. 1996 నాటి నెట్‌రన్నర్‌లో వంతుకు మూడో నాలుగో పనులు చేసే వీలుంటుంది, డబ్బు సంపాదించడమూ అందులో ఒక పనే. డెక్‌లో ల్యాండ్ అన్న మాటే లేదు. 2018లో వచ్చిన కీఫోర్జ్‌లో కార్డుకు ఖరీదే లేదు: ముప్పై ఆరు కార్డుల డెక్ మూడు వంశాలుగా ఉంటుంది, వంతు మొదట్లో ఒక వంశం పేరు చెప్పి ఆ వంశపు కార్డులన్నీ ఉచితంగా వాడుకోవచ్చు. ల్యాండ్‌ను కనిపెట్టినవాడే అది ఒక్కటే దారి అనుకోలేదు.

జపాన్ ఇచ్చిన రెండు జవాబులు

1996లో జపాన్‌లో మొదలైన పోకెమాన్ కార్డు ఆట పైకి మేజిక్‌కు దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. అక్కడా డెక్‌లో ఎనర్జీ కార్డులు కలిసి ఉంటాయి, అక్కడా వంతుకు ఒక్కటే పెట్టాలి. తేడా ఎక్కడంటే, ఎనర్జీ ఉమ్మడి ఖజానాలో పడదు, ఫలానా పోకెమాన్‌కు తగిలించాలి. ఆ పోకెమాన్ ఓడిపోతే దానికి పెట్టిన ఎనర్జీ మొత్తం దానితోనే పోతుంది కాబట్టి, ఎవరి మీద పెట్టుబడి పెట్టాలన్నదే అక్కడ అసలు ఆలోచన. కరవు బాధ కూడా తక్కువ, ఎందుకంటే ట్రైనర్ కార్డులకు ఎనర్జీ అక్కర లేదు. చేతిలో ఉన్నవన్నీ పారేసి ఏడు కొత్తవి తీసుకోమనే ప్రొఫెసర్ ఓక్ కార్డు తొలి సెట్టులోనే ఉంది.

1999లో కొనామీ విడుదల చేసిన యుగియో వనరు కార్డులను ఏకంగా ఎత్తేసింది. వంతుకు ఒక్క మామూలు ఆవాహన (అంటే రాక్షసుడిని బల్ల మీదికి దించడం), పెద్ద రాక్షసుడికి బల్ల మీది చిన్నవాటిని బలి ఇవ్వడం అనే రెండు కళ్లేలు మాత్రం వేసింది. కాలక్రమంలో ఆ లెక్కలోకి రాని ప్రత్యేక ఆవాహనలు పెరిగి కళ్లేలు వదులయ్యాయి. ఒకే వంతులో కార్డు వెనుక కార్డు గొలుసుగా లాగి ఎదుటివాడు చెయ్యి కదపకముందే బల్ల నింపేయడం ఆట స్వరూపమైంది. ఖరీదు చేయవలసిన కాపలాను అక్కడ కార్డు మీద అచ్చయిన ‘వంతుకు ఒకసారి మాత్రమే’ అన్న షరతులూ, ఎప్పటికప్పుడు సవరించే నిషేధిత కార్డుల జాబితా చేస్తున్నాయి. అనావృష్టి లేని దేశమే, కాకపోతే ఆనకట్ట కూడా లేదు. ఈ వేగాన్నే కోరి ఆడేవారు లక్షల్లో ఉన్నారు కాబట్టి దీన్ని లోపం అనడం కన్నా వేరే రుచి అనడం న్యాయం.

ఏ ముక్కైనా వనరే

మూడవ బాట అన్నిటికన్నా ఫలవంతమైనది. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థే 2002లో జపాన్ కోసం రూపొందించిన డ్యుయల్ మాస్టర్స్‌లో వేరే ల్యాండ్లు లేవు. చేతిలోని ఏ కార్డునైనా తలకిందులుగా మానా స్థలంలో పెట్టవచ్చు. ఆరు మానాల బోల్షాక్ డ్రాగన్ రెండవ వంతులో చేతిలో ఉంటే అది పనికిరాని ముక్క కాదు, వనరుగా మారగల ముక్క. కరవు అనేది దాదాపు లేకుండాపోయింది, దాని స్థానంలో కొత్త బాధ వచ్చింది: దేన్ని వదులుకోవాలి? ఇప్పుడు డ్రాగన్‌ను మానాగా పాతిపెడితే ఆరవ వంతులో దించడానికి అది ఉండదు. చిన్న కార్డును పాతితే ఈ వంతే ఖాళీ. రంగుల పని మాత్రం ఇక్కడ చెక్కుచెదరలేదు, ఎందుకంటే కార్డు ఏ నాగరికతకు, అంటే ఏ రంగు వర్గానికి, చెందినదో ఆ నాగరికత మానా కనీసం ఒకటి కట్టాలి.

2006 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కార్డు ఆట ఇదే పద్ధతిలో కార్డును బోర్లించి వనరుగా వాడనిచ్చింది. 2023లో రావెన్స్‌బర్గర్ తెచ్చిన డిస్నీ లోర్కానా దీనికి ఒక మెలిక పెట్టింది: ఖరీదు చుట్టూ సిరాబుడ్డి గుర్తున్న కార్డులనే వనరుగా మార్చుకోవచ్చు, బలమైన కార్డులు కొన్నింటికి ఆ గుర్తు ఉండదు. దాంతో డెక్ కూర్చేటప్పుడే, బలం కావాలా భద్రత కావాలా అన్న పాత లెక్క వెనక్కి వచ్చింది. 2024 నాటి స్టార్ వార్స్: అన్‌లిమిటెడ్‌లో మొదటి చేతిలోని ఆరు కార్డుల్లో రెండింటిని ఆట మొదలుకాకముందే వనరులుగా బోర్లించాలి, తన పక్షానికి చెందని కార్డు వాడటానికి నిషేధం లేదు, ఎక్కువ ఖరీదు కట్టాలి, అంతే. రంగుల కట్టుబాటును గోడగా కాక సుంకంగా మార్చిన ఈ ఏర్పాటు, దక్కిన ప్రశంస కన్నా ఎక్కువకే తగినది.

ఈ బాటలో అందరికన్నా దూరం వెళ్లింది న్యూజిలాండ్‌లో పుట్టి 2019లో విడుదలైన ఫ్లెష్ అండ్ బ్లడ్. అందులో వనరులు బల్ల మీద పేరుకోవు. చాలామంది వీరులకు చేతిలో నాలుగు కార్డులుంటాయి. ఒకటి ఆడటానికి ఇంకొకటి ఖర్చుపెట్టాలి, దాన్ని పిచ్ చేయడం అంటారు. చాలా దాడులు ఒకే పేరుతో ఎరుపు, పసుపు, నీలం అంచులతో మూడు రూపాల్లో ఉంటాయి: ఎర్రది గట్టి దెబ్బ కొడుతుంది కానీ పిచ్ చేస్తే ఒక్క వనరే ఇస్తుంది, పసుపుది రెండు, నీలిది మూడు ఇస్తుంది కానీ దెబ్బ చప్పగా ఉంటుంది. అదే కార్డుతో ఎదుటి దాడిని అడ్డుకోవచ్చు కూడా. వంతు ముగిశాక పిచ్ చేసిన కార్డులు డెక్ అడుగుకు చేరి, ఆట సాగితే మళ్లీ పైకి వస్తాయి కాబట్టి, ఏ వరసలో అడుగుకు పంపారో గుర్తున్నవాడు తన భవిష్యత్తును తానే పేర్చుకున్నవాడవుతాడు. రమ్మీ గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పడిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకోవడం, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో ఎంచుకోవడం ఆ ఆటలో నైపుణ్యమని గుర్తించింది. ఆ రెండు లక్షణాలూ వనరు పద్ధతిలోనే ఇంత గట్టిగా ఇమిడిన ఆట మరొకటి చూపించడం కష్టం.

గడియారం లాంటి వనరు

2014లో బ్లిజార్డ్ తెచ్చిన హార్త్‌స్టోన్ కంప్యూటర్ మీద ఆడేది కాబట్టి లెక్క యంత్రానికే అప్పగించింది: ప్రతి వంతులో ఒక మానా స్ఫటికం దానంతటదే పెరిగి పదికి చేరుతుంది, రెండవగా ఆడేవాడికి పరిహారంగా ఒక నాణెం కార్డు ఇస్తారు. కరవు లేదు, వరద లేదు, కొత్తవాడికి అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. కానీ నాలుగవ వంతులో ఎప్పుడూ నాలుగే ఉంటాయని ఇద్దరికీ తెలిసినప్పుడు, నాలుగు ఖరీదు చేసే మంచి కార్డు నాలుగవ వంతులో పడటమనే ఊహించగల నడకకు ఆట అలవాటు పడుతుంది. ఆ బిగువు సడలించడానికి హార్త్‌స్టోన్ అనిశ్చితిని కార్డుల ప్రభావాల్లోకి తరలించింది. 2016 నాటి యాగ్-సరోన్ ఆడినవాడు అప్పటిదాకా వేసినన్ని మంత్రాలను ఏవో, ఎవరి మీదో, గాలికి వదిలినట్టు కురిపించేది. ఆ ఏడాదే దాని బలం తగ్గించవలసి వచ్చింది. దొడ్డిదారిన పంపించేసిన అదృష్టం వీధి గుమ్మంలోంచి వచ్చి కూర్చుందన్నమాట.

2022 నాటి మార్వెల్ స్నాప్‌లోనూ వంతుకు ఒక ఎనర్జీ చొప్పున పెరుగుతుంది, ఆరు వంతుల్లో ఆట ముగుస్తుంది. అనిశ్చితి అక్కడ బల్ల మీద వెల్లడయ్యే మూడు స్థలాల్లో ఉంటుంది. 2020లో వచ్చిన లెజెండ్స్ ఆఫ్ రూనెటెరా ఖర్చుకాని మానాలో మూడు దాకా మంత్రాల కోసం దాచుకోనిచ్చి, గడియారానికి చిన్న పొదుపు ఖాతా జోడించింది.

కాగితపు కార్డుల్లో గడియారాన్ని సాధించడానికి వనరులకు వేరే చిన్న డెక్ పెట్టారు. జపాన్‌లో 2012లో మొదలైన ఫోర్స్ ఆఫ్ విల్‌లో మాయారాళ్ల డెక్ ప్రత్యేకం. 2022లో బందాయ్ విడుదల చేసిన వన్ పీస్ ఆటలో పది డాన్ కార్డుల కట్ట ఉంటుంది, వంతుకు రెండు చొప్పున వస్తాయి. ఖరీదు కట్టకుండా ఏదైనా పాత్రకు తగిలిస్తే తన వంతులో దాని బలం వెయ్యి పెరుగుతుంది కాబట్టి, ఖాళీగా మిగిలే వనరంటూ ఉండదు. అదే సంస్థ 2020లో తెచ్చిన డిజిమాన్‌లో ఇద్దరికీ ఒకే కొలబద్ద: ఖర్చుపెట్టే కొద్దీ గుర్తు ఎదుటివాడి వైపు జరుగుతుంది, సున్నా దాటిన మేరకు అది అతని పెట్టుబడి. తన దుబారా ఎదుటివాడికి లాభమయ్యే ఇలాంటి ఏర్పాటు వేరే చోట అరుదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

కాలం, గుణం, అనిశ్చితి అనే మూడు పనుల గీటురాయి మీద ఈ ఆటలను పెడితే తేడాలు స్పష్టపడతాయి. మేజిక్ మూడింటినీ ఒకే కార్డుకు అప్పగించింది, అందుకే దాని మీద ప్రేమా కోపమూ రెండూ ఎక్కువ. హార్త్‌స్టోన్ కాలాన్ని గడియారానికి, గుణాన్ని పాత్ర ఎంపికకు, అనిశ్చితిని కార్డు ప్రభావాలకు పంచిపెట్టింది. డ్యుయల్ మాస్టర్స్, లోర్కానా కాలాన్ని నిలుపుకుని అనిశ్చితిని ఎంపికగా మార్చాయి. కాకపోతే లోర్కానా డెక్‌కు రెండు రంగులే అని ముందే కట్టడి చేసి, ఆట నడుస్తుండగా రంగు గురించి అడగడం మానేసింది. ఫ్లెష్ అండ్ బ్లడ్ కాలమనే మెట్లనే తీసేసి ప్రతి వంతునూ సమానం చేసింది. యుగియో దాదాపు మూడింటినీ వదిలి, వాటి పనిని నియమావళికి ఒప్పజెప్పింది. ఏ పద్ధతికైనా అభిమానులు చెప్పే గుణాలన్నీ నిజమే, అయితే అవి ఇంకో చోట చెల్లించిన మూల్యంతో కొన్నవి.

తెగని ముడులు

మేజిక్ తన పద్ధతిని మార్చకుండా దాని కోరలు పీకే ప్రయత్నం మానలేదు. మొదట్లో అన్నీ ల్యాండ్లే వచ్చినా, ఒక్కటీ రాకపోయినా మాత్రమే చెయ్యి మార్చుకునే వీలుండేది. మలిగన్ అనే ఈ సదుపాయాన్ని 1997లో ఒక కార్డు తగ్గించుకునే షరతుతో అందరికీ ఇచ్చారు, 2015లో పై కార్డు చూసి అడుగుకు పంపే వీలు చేర్చారు, 2019లో ఏడూ తీసుకుని తగ్గవలసినన్ని అడుగున పెట్టే పద్ధతి తెచ్చారు. వాడకుండా మిగిలిన మానాకు ప్రాణం తగ్గే పాత నియమం 2009లో పోయింది. 2020 నాటి జెండికార్ రైజింగ్ సెట్టులో ఒక వైపు మంత్రం, మరో వైపు ల్యాండ్ ఉన్న రెండు ముఖాల కార్డులు వచ్చాయి. అవి డ్యుయల్ మాస్టర్స్ ఆలోచనకు మేజిక్ ఇచ్చిన ఆలస్యపు సలాం అనిపించుకోదగినవి.

అంతగా చర్చకు రాని ముడి డబ్బుకు సంబంధించినది. రెండు రంగుల మానా ఇచ్చే మంచి ల్యాండ్లు మొదటి నుంచీ అరుదైన కార్డులుగానే అమ్ముడయ్యాయి. 1993 నాటి పది డ్యుయల్ ల్యాండ్లను మళ్లీ అచ్చువేయబోమని సంస్థ 1996లో మాట కూడా ఇచ్చింది. రంగులు కుదరని బాధ ఆటలో భాగమైతే, ఆ బాధకు మందు ఖరీదైన కార్డు రూపంలో దొరకడాన్ని అదృష్టమనాలో నైపుణ్యమనాలో ఏ పక్షమూ తేల్చలేదు. కోపం చూపించేవారు కరవు మీద చూపించినంత ఈ మందు ధర మీద చూపించరు.

మరొక ముడి కంప్యూటర్ వేసింది. మేజిక్ అరీనా అనే డిజిటల్ రూపంలో, ఒకే ఆటతో ముగిసే పోటీల్లో, యంత్రం ఒకటికి మించి చేతులు తీసి డెక్‌లోని ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని ఆటగాడికి ఇవ్వడానికి మొగ్గుతుంది. బల్ల మీద ఆడే మేజిక్‌కూ దీనికీ నియమాలు ఒకటే అయినా, లెక్క ఒకటి కాదు. ఆ సంగతి తెలిసిన ఆటగాళ్లు చేసిన మొదటి పని తమ డెక్‌లోంచి ఒకటో రెండో ల్యాండ్లు తీసేసి, ఆ జాగాలో మంత్రాలు పెట్టుకోవడం.